దేవ్లి జంటరొట్టె

బాన్సువాడ బస్టాండు ఎదురుగా రోడ్డు దాటితే, సెల్‌ఫోన్ల దుకాణానికీ పూల కొట్టుకూ నడుమ ఒక తోపుడుబండి ఉంటుంది. దానికి బోర్డు లేదు. పన్నెండేళ్లుగా లేదు. అవసరమూ పడలేదు. బీర్కూర్ బస్సు డ్రైవరు బస్సు మలుపుతూనే కిటికీలోంచి రెండు వేళ్లు చూపిస్తాడు, అంటే రెండు జంటలు కట్టిపెట్టమని. బిచ్కుంద నుంచి కోర్టు పనిమీద వచ్చిన రైతు బస్సు దిగి, వకీలు దగ్గరికి కాదు, ముందు ఆ బండి దగ్గరికే నడుస్తాడు.

బండి దేవ్లిది. ఆమె చేసేది ఒక్కటే. అరచేతికంటే కొంచెం పెద్దవిగా రెండు జొన్నరొట్టెలు, వాటి నడుమ పుంటికూర (గోంగూర) తొక్కు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, ఉల్లిగడ్డ చక్రాలు. పెనం మీద రెండువైపులా అదిమి, మోదుగాకులో చుట్టి, ఈనెపుల్లతో గుచ్చి చేతికిస్తుంది. దేవ్లి వాళ్ల లంబాడీ తండాలో దాన్ని జంటరొట్టె అంటారు. కాలేజీ పిల్లలు సాండ్విచ్ అంటారు. ఏమన్నా అననీ. ఊళ్లో బేకరీ సాండ్విచ్ ఉంది, బ్రెడ్డు ఆమ్లెట్ ఉంది, ఈమధ్య చీజు తీగలు సాగే సాండ్విచ్ కూడా వచ్చింది. ఏది మంచిదని నలుగురు వాదించుకుంటే నాలుగు పేర్లు వస్తాయి కానీ, వాదన అయ్యాక ఆకలేసి నలుగురూ నడిచేది దేవ్లి బండి దగ్గరికే.

అట్లాంటి మనిషికి, మొన్న మంగళవారం పొద్దున, తన రొట్టె తనది కాదని తెలిసింది!

రోడ్డుకు అవతలివైపు నెల రోజులుగా ఒక దుకాణం తయారవుతోంది. అద్దాల తలుపులు, లోపల చల్లటి గాలి, గోడకు చెరుకు గడల బొమ్మలు. ఆ రోజు నిచ్చెన వేసి పైన బోర్డు బిగిస్తున్నారు. బోర్డు మీద మోదుగాకులో చుట్టిన జంటరొట్టె ఫొటో చూసి దేవ్లి మొదట సంబరపడింది. పక్కనే ఉల్లిగడ్డలు కోస్తున్న కోడలు వనితను పిలిచింది.

"వనితా, గా బోర్డు మీద నా రొట్టె ఉందేందే? ఏం రాసిండ్రు, సదువు."

వనిత చదివింది. చదివి మళ్లీ ఉల్లిగడ్డ అందుకుంది.

"నోట్ల ముద్ద పెట్టుకున్నవా? సదువమంటే!"

"పోసవ్వ చేను సాండ్విచ్ అని రాసిండ్రు అత్తా. కింద... మా నాయనమ్మ పోసవ్వ చెరుకు కూలీలకు తన చేతులతోని చేసి పెట్టిన రుచి అని రాసిండ్రు."

ఫొటో పక్కన నవ్వుతున్న ముసలమ్మ ఎవరో అప్పుడుగాని దేవ్లి గుర్తుపట్టలేదు. పెనం మీద రొట్టె మాడింది. పన్నెండేళ్లలో ఆమె బండి మీద రొట్టె మాడడం అదే మొదటిసారి.

"చేసి పెట్టిందా? పోసవ్వనా? కూలోళ్లకా? ఆమె మాకు మంచినీళ్లు గూడ ఎత్తి పోసింది తప్ప, చెంబు చేతికియ్యలేదే! ఇగ రొట్టె చేసి పెట్టిందంట!"

పూల కొట్టు ఆమె దండ కడుతూ కడుతూ ఆపి ఇటు చూసింది. చూడనీ. దేవ్లి గొంతు తగ్గించే రకం కాదు.

ఆ దుకాణం అఖిలేశ్‌ది. బీర్కూర్ వైపు చెరుకు, వరి పండించే పాత కాపుదనం ఇల్లు వాళ్లది. పోసవ్వకు మనవడు. కాలేజీ చదివిన మూడేళ్లూ అతనికి మధ్యాహ్నం తిండి దేవ్లి బండి దగ్గరే. "నీ సాండ్విచ్ తినకపోతే నాకు క్లాసు ఎక్కదు అక్కా" అనేవాడు. ఆ మాటకే ఆమె అతనికి తొక్కు కొంచెం ఎక్కువ పెట్టేది. పోయిన ఎండాకాలం ఒక పొద్దున వచ్చి, స్టూలు లాక్కుని కూచుని, ఫోను ఎదురుగా పెట్టి, ఎట్లా చేస్తావో చూపించమన్నాడు. దేవ్లి అంతా చూపించింది. జొన్నపిండిలో నీళ్లు ఎంత వేడిగా ఉండాలో, పుంటికూరను నూనెలో ఏ రంగు వచ్చేదాకా మగ్గించాలో, పల్లీలు ఎందుకు మెత్తగా దంచకూడదో, ఆకు ఏ వైపు లోపలికి పెట్టాలో, ఒక్కటీ దాచలేదు.

తండాలో పుట్టిన మనిషి తిండి గురించి అడిగితే దాచదు. ఎవరింటి కూర బాగుంటే వాళ్ల పొయ్యి దగ్గర కూచుని నేర్చుకోవడమే అక్కడి పద్ధతి. నేర్చుకున్నవాళ్లు మళ్లీ ఎప్పుడు చేసినా, "ఇది ధర్మి చేసే పప్పు", "ఇది ముత్తవ్వ దగ్గర నేర్చుకున్న కారం" అని పేరు చెప్పి వడ్డిస్తారు. పేరు చెప్పకుండా వడ్డించడం దేవ్లి ఎరగదు. అట్లాంటి మనుషులుంటారని ఊహించనూ లేదు. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

ఆ రొట్టె ఎట్లా పుట్టిందో ఆ బోర్డు రాసినవాడికి తెలుసా?

పదహారేళ్లప్పటి నుంచి దేవ్లి చెరుకు కొట్టింది. మోకాలు అరిగి ఇక వంగలేనని చెప్పేదాకా, ఎక్కువ కోతలు పోసవ్వ వాళ్ల చేనులోనే. చెరుకు చేనులోకి ఒక్కసారైనా దిగినవాళ్లకు తెలుస్తుంది, చెరుకు ఆకు అంచు ఎంత పదునో. మధ్యాహ్నమయ్యేసరికి వేళ్ల సందుల్లో, అరచేతుల్లో, మణికట్ల మీద సన్నటి కోతలు. వాటి మీద చెరుకు జిగురు. ఆ చేతులతో రొట్టె తుంచి కారంలో అద్దితే ప్రాణం పోయినట్టుండేది. ఆడవాళ్లు తినలేక, ఉత్త రొట్టె నమిలి నీళ్లు తాగి మళ్లీ కత్తి పట్టేవాళ్లు. అప్పుడు దేవ్లికి ఇరవై ఏళ్లు. ఇంటి దగ్గరే రెండు రొట్టెల నడుమ తొక్కు పెట్టి, అదిమి, మోదుగాకులో చుట్టి తెచ్చింది. ఆకు పట్టుకొని కొరుక్కు తింటే వేలికి కారం తగలదు. మరునాటి నుంచి చేనంతా అట్లనే తెచ్చుకున్నారు. అదీ జంటరొట్టె కథ. అందులో నాయనమ్మ ఎక్కడుంది?

ఒకచోట ఉంది. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు.

రొట్టె పుట్టిన ఆ ఏటి కోతల్లోనే ఒకరోజు పోసవ్వ చేను చూడడానికి వచ్చింది. ఇంట్లో ఏదో గొడవై పొద్దున్నుంచి ఏమీ తినలేదట. దేవ్లి ఆకు విప్పుతుంటే నిలబడి చూసింది. "ఏం వాసనే అది!" అంది. దేవ్లి మామూలుగా ఒకటి తీసి చాచింది. చాచాక భయపడింది. తండావాళ్ల చేతి తిండి ఆ ఇంట్లో ముట్టరు. పోసవ్వ అటూ ఇటూ చూసి, ఆకు అందుకొని, గబగబా మోటరు గది వెనక్కి పోయింది. రోడ్డుకు వీపు తిప్పి, చీర చెంగు మూతికి అడ్డం పెట్టుకొని తిన్నది. తినడమైతే మొత్తం తిన్నది, వేళ్లు నాకింది కూడా.

"ఎవ్వలకు చెప్పకు దేవ్లీ. మా ఆయనకు తెలిస్తే నన్ను ఇంట్ల ఉండనియ్యడు."

"చెప్పనవ్వా. తిండి మీద ఒట్టు."

ఆ తరువాత ఏటికొకటిగా పద్దెనిమిది కోతలు. ప్రతి కోతలోనూ దేవ్లి ఒక జంట ఎక్కువ కట్టుకొచ్చింది. ప్రతిసారీ మోటరు గది వెనకే, రోడ్డుకు వీపు పెట్టే, చెంగు అడ్డం పెట్టుకొనే. దేవ్లి మొగుడు భద్రుకు కూడా ఈ ముక్క తెలియదు. ఆ ఎక్కువ రొట్టె ఎవరికని అతను ఒకసారి అడిగితే, "నా ఆకలి పెద్దది, నీకేం బాధ?" అని నోరు మూయించింది.

అంత కాపాడితే, ఇప్పుడు బోర్డు మీద ఆ మొహం!

దేవ్లి చేతులు కడుక్కుని, కొంగు దోపుకొని, రోడ్డు దాటింది. అఖిలేశ్ నిచ్చెన కింద నిలబడి బోర్డు వంకరగా ఉందా అని చూస్తున్నాడు.

"అరే దేవ్లక్క! రా రా. ఎట్లుంది మన బోర్డు?"

"మన బోర్డా? రొట్టె నాది. దాని మీద పోసవ్వ పేరెందుకున్నది?"

"అక్కా, అది బ్రాండింగ్. ఏ ఫుడ్డుకైనా ఒక స్టోరీ ఉండాలె. నాయనమ్మ, చేను, చెరుకు... జనాలు కనెక్ట్ అయితరు."

"స్టోరీ నాకున్నది గదా. నన్నడిగితే చెప్పనా?"

అఖిలేశ్ నవ్వాడు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు, అదే దేవ్లికి ఇంకా మండింది. తెలిసి దొంగతనం చేసినవాడిని తిట్టవచ్చు. ఇది దొంగతనమని తెలియనివాడిని ఏం చేయాలి?

"అక్కా, నీకు ఓపెన్‌గ చెప్త, ఏమనుకోకు. తండా పేరు, నీ పేరు పెడితే ఫ్యామిలీలు లోపలికొచ్చి కూసుంటయా చెప్పు? నువ్వు ఒక పని చెయ్యి. బండి ఇడిచిపెట్టు. నా దగ్గర్నే లోపల రొట్టెలు చెయ్యి. ఏసీ ఉంటది, యూనిఫాం ఇస్త."

దేవ్లి అతని మీదికి ఒక అడుగు వేసింది.

"మూడేండ్లు నా చేతి రొట్టె తిన్నవు గదరా! అప్పుడు నువ్వు ఏ ఫ్యామిలీవిరా?"

నిచ్చెన మీదున్న మనిషి స్క్రూ బిగించడం ఆపేశాడు. అఖిలేశ్ ఫోను మోగిందన్నట్టు చెవి దగ్గర పెట్టుకొని లోపలికి పోయాడు. అది మోగలేదు. దేవ్లికి కళ్లున్నాయి.

సాయంత్రం తండాలో, ఆకులు తుడిచి దొంతి పెడుతూ భద్రు అంతా విన్నాడు. అతను నెమ్మది మనిషి. పెళ్లాం కోపం వచ్చినప్పుడు మరీ నెమ్మది.

"గొడవ పెట్టుకుంటే పెట్టుకో. కాని ఎవరు నమ్ముతరే? వాళ్ల చేను, వాళ్ల నాయనమ్మ. నీ దిక్కు సాక్షి ఎవరున్నరు?"

"ఉన్నరు ఒకరు."

"ఎవరు?"

దేవ్లి పొయ్యి వైపు తిరిగింది. తిండి మీద పెట్టిన ఒట్టు. ఈ చేత్తో రొట్టె చేసి అమ్ముకు బతుకుతూ, తిండి మీద ఒట్టు తప్పితే ఇక రేపు పెనం మీద చెయ్యి ఎట్లా పెట్టాలి? చెప్పకపోతే రొట్టె పోతుంది. చెప్తే మాట పోతుంది. "వాళ్లు అబద్ధం రాసి హాయిగ ఉన్నరు, నేను నిజం మింగి సావాల్నా?" అని పొయ్యిలో కట్టెను ఇంకాస్త లోపలికి తోసింది. పక్కన వనిత ఫోనులో చూస్తూ, ఎల్లుండే ఓపెనింగ్ అని, నాయనమ్మ చేతుల మీదుగా మొదటి సాండ్విచ్ అని, ఫోనులో లైవ్ పెడతారని చెప్పింది.

"పోదాం" అంది దేవ్లి. "నేను ఒక్క మాట అడగాలె. అడిగేది ఒట్టులకు రాదు."

గురువారం పది గంటలకు దుకాణం ముందు మనుషులు మూగారు. అఖిలేశ్ చుట్టాలు, కాలేజీ పిల్లలు, అప్పుడే బస్సు దిగినవాళ్లు కొందరు. మెట్ల మీద కుర్చీ వేసి పోసవ్వను కూర్చోబెట్టారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, పట్టుచీరలో చిన్నగా కనిపించింది. దేవ్లిని చూసింది. చూసి వెంటనే కళ్లు దించుకుంది.

అఖిలేశ్ ఫోను ఎదురుగా నిలబడి కథ చెప్పాడు. నాయనమ్మ పొద్దున్నే లేచి, ఎంతమంది కూలీలుంటే అంతమందికి తన చేతులతో రొట్టెలు చేసి, ఆకుల్లో చుట్టి, చేనుకు మోసుకుపోయేదట. ఎంత బాగా చెప్పాడంటే, కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. దేవ్లికి మాత్రం ఒళ్లు మండిపోయింది.

"ఒక్కటడగనా తమ్మీ?" అంది, అందరికీ వినబడేటట్టు. "తొక్కు రెండు రొట్టెల నడుమ ఎందుకు పెట్టినట్టు? పక్కకు పెట్టుకొని తింటే ఏమైతుండె?"

అఖిలేశ్ తడబడ్డాడు. కెమెరా నడుస్తోంది. "అంటే... ఈజీగ పట్టుకపోవచ్చని. పార్సిల్ లెక్క."

"పార్సిలా!" దేవ్లి రెండు చేతులూ ముందుకు చాచింది. వేళ్ల సందుల్లో, మణికట్ల మీద పాత కోతల గీతలు ఇంకా తెల్లగా ఉన్నాయి. "చెరుకు ఆకు కోసిన చేతులివి. కారం తగిలితే ప్రాణం పోతుండె. అందుకు పెట్టిన నడుమ. అందుకు చుట్టిన ఆకుల. చెరుకు కొట్టని చేతికి గీ రొట్టె ఎట్ల తోస్తది?"

గుంపులో సణుగుడు మొదలైంది. బీర్కూర్ బస్సు డ్రైవరు, "నిజమే గదా" అన్నాడు పైకే. అఖిలేశ్ మొహం ఎర్రబడింది. మాట మార్చాలని గబగబా లోపలి నుంచి మొదటి సాండ్విచ్ తెప్పించి నాయనమ్మ చేతిలో పెట్టాడు.

"తిను నానమ్మా! నీ రుచి ఎట్లుందో చెప్పు అందరికి."

పోసవ్వ ఆకు విప్పింది. పుంటికూర వాసన ఆమె ముక్కుకు తగిలిందో ఏమో, అంత మందిలో ఉన్నానన్న సంగతి మరచిపోయింది. కుర్చీలోనే పక్కకు మళ్లింది. రోడ్డుకు వీపు పెట్టింది. ఎడమచేత్తో చీర చెంగు లాగి మూతికి అడ్డం పెట్టుకొని, తల వంచి కొరికింది.

దేవ్లి చాచిన చేతులు దించింది.

"నానమ్మా, ఏం చేస్తున్నవ్? ఇటు తిరుగు, కెమెరా ఇటుంది" అన్నాడు అఖిలేశ్. "చెంగు తియ్యి. ఎందుకట్ల దొంగతనంగ తింటున్నవ్?"

ఆ మాటకు పోసవ్వ నమలడం ఆపింది. వీపు కదలలేదు. దేవ్లి పళ్లు బిగపట్టి నిలబడింది. ఒక్క మాట చాలు, మొత్తం బయటపడుతుంది. ఆ మాట ఆమె అనలేదు. ఒట్టు ఒట్టే. కానీ కళ్లనిండా కోపంతో ఆ వీపునే చూసింది. మాట్లాడవేం? ఇప్పుడు కూడా మాట్లాడవా?

పోసవ్వ మెల్లగా ఇటు మళ్లింది. నోట్లోది మింగింది.

"దొంగతనమే రా. పద్దెనిమిది కోతలు గిట్లనే తిన్న. మోటరు గది ఎనకకు పోయి, మీ తాతకు తెల్వకుంట. అలవాటు పోలే." చేతిలోని రొట్టె పైకెత్తి చూపించింది. "నేను కూలోళ్లకు ఏనాడు రొట్టె చెయ్యలే. గీ దేవ్లి చేసింది నేను తిన్న. పెట్టిన చెయ్యి దీనిది."

అఖిలేశ్ చటుక్కున ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఏం లాభం? అప్పటికే అక్కడ ఇరవై ఫోన్లు పైకి లేచి ఉన్నాయి.

"అక్కా, నీ పేరు గూడ రాపిస్త. బోర్డు కింద, చిన్నగ..." అంటూ దేవ్లి వెంటపడ్డాడు.

"కింద రాపిస్తవా? ముందు ఆ బోర్డు దించు. దించినంక మాట్లాడు. చిన్నగంట చిన్నగ!"

దేవ్లి రోడ్డు దాటి బండి దగ్గరికి వచ్చి పెనం పెట్టింది. వెనక చప్పుడైతే తిరిగి చూసింది. పోసవ్వ. చెప్పులు కూడా వేసుకోలేదు, మనవడు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకొని, వచ్చే పోయే బండ్ల నడుమ రోడ్డు దాటి వచ్చింది.

"వాడు చేసింది తొక్కు గాదు, గడ్డి" అంది ఆయాసపడుతూ. "ఒకటియ్యి దేవ్లీ."

క్షమించిందా అంటే, లేదు. ఆ కోపం ఒక రొట్టెతో పోయేది కాదు. కానీ తిండి అడిగిన మనిషికి లేదనడం దేవ్లికి రాదు. జంట కాల్చి, తొక్కు పెట్టి, ఆకులో చుట్టి ఇచ్చింది. పోసవ్వ అందుకొని స్టూలు మీద కూర్చుంది. కూర్చున్నది బండి వైపు మొహం పెట్టి, రోడ్డుకు వీపు పెట్టి. చెయ్యి మళ్లీ చెంగు కోసం వెళ్లింది.

"లే అవ్వా" అంది దేవ్లి.

పోసవ్వ లేచింది. దేవ్లి స్టూలు ఎత్తి, తిప్పి, రోడ్డు వైపు పెట్టింది.

"ఇప్పుడు కూసో. ఇట్ల తిను."

అప్పుడే బీర్కూర్ నుంచి వచ్చిన ఇంకో బస్సు ఎదురుగా ఆగింది. కిటికీల నిండా వాళ్ల ఊరి మొహాలు. కొందరు పోసవ్వను గుర్తుపట్టి తలలు బయటపెట్టారు. పోసవ్వ ఒకసారి దేవ్లిని చూసింది. దేవ్లి చూపు తిప్పలేదు.

పోసవ్వ చెంగు వదిలేసి, బస్సు వైపు చూస్తూ, రొట్టె కొరికింది.